బుచ్చిగాడి హోదా

నరవపాడు పురపాలక సంఘం ఏ ఆలోచనా లేకుండా సుఖంగా నడిచిపోతున్న రోజుల్లో, కమిషనర్ చిదానందం గారిని పైవాళ్ళు రెండు రోజుల శిక్షణకు పిలిచారు. వెళ్ళేటప్పుడు ఆయన ఒక సూట్‌కేసు పట్టుకెళ్ళారు. వచ్చేటప్పుడు సూట్‌కేసుతో పాటు ఒక మాట పట్టుకొచ్చారు. ఆ మాట సమన్వయం. ఏ పనీ విడిగా చెయ్యకూడదు, ఏ రెండు పనులైనా కలిపే చెయ్యాలి అన్నది దాని సారాంశం. వచ్చిన వారంలోనే వీధి దీపాలనూ మురుగు కాలువలనూ ఒకే మేస్త్రీ చేతికిచ్చారు. రెండూ ఒకే రోజు ఆగిపోయాయి. ఆగడంలో కూడా సమన్వయం కుదిరిందని ఆయన పైకి నివేదిక పంపారు.

ఆ ఊపులో ఉండగా ఆయన బల్ల మీదకు రెండు కరపత్రాలు వచ్చాయి. ఒకటి పశువైద్యులు వేయించింది, పెంపుడు జంతువుల భద్రతకు ఇరవై చిట్కాలు. రెండోది ఆరోగ్య కేంద్రం వాళ్ళది, కుటుంబమంతటికీ ఆరోగ్యకరమైన భోజనానికి ఇరవై చిట్కాలు. రెండూ మంచివే. కుక్కకి ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్టు పెట్టకూడదనీ, ఉప్పూ కారాలు అలవాటు చెయ్యకూడదనీ, మెడకి యజమాని చిరునామా ఉన్న పట్టీ కట్టాలనీ మొదటి దాంట్లో ఉంది. ఆకుకూరలు తినాలనీ, నూనె తగ్గించాలనీ, ముద్దను ముప్ఫై రెండుసార్లు నమలాలనీ, తిన్నాక అరగంట నడవాలనీ రెండో దాంట్లో ఉంది. మనలాంటి వాళ్ళయితే మొదటి దాన్ని కుక్క కోసం, రెండో దాన్ని మన కోసం చదువుకుని, రెంటినీ మడిచి అలమారలో పడేసేవాళ్ళం. చిదానందం గారికి మాత్రం అందులో ఘోరమైన సమన్వయ లోపం కనపడింది. ఒకే ఇంటికి రెండు కాగితాలేమిటి అని ఆయన బాధ.

మూడో రోజుకి సర్క్యులరు వచ్చింది. "పెంపుడు జంతువు సైతం కుటుంబ సభ్యురాలే అయినందున, ఒక సభ్యునికి నిషిద్ధమైనది సభ్యులందరికీ నిషిద్ధముగాను, ఒక సభ్యునికి విధించబడినది సభ్యులందరికీ విధించబడినదిగాను భావించవలెను." అంటే కుక్క తినకూడనిది ఇంట్లో ఎవరూ తినకూడదు, మనిషి చెయ్యాల్సింది కుక్క కూడా చెయ్యాలి. ఊళ్ళో కుక్కలున్న ఇళ్ళవాళ్ళు చదివి నవ్వుకున్నారు. మా వంటింట్లోకి ఎవడొచ్చి చూస్తాడులే అనుకున్నారు. నిజమే, వాళ్ళ వంటింట్లోకి ఎవరూ రారు. కానీ నూకరత్నం వంట పదిమందీ చూసేది. ఆవిడ చేసుకున్న పాపం అదే.

బస్సు డిపో వెనక సందులో నూకరత్నం ఇరవై రెండేళ్ళుగా మెస్సు నడుపుతోంది. డిపో కండక్టర్లు, కరెంటాఫీసు లైన్‌మెన్లు, బ్యాంకులో కొత్తగా చేరినవాళ్ళు, మొత్తం పంతొమ్మిది మంది రెండు పూటలా అక్కడే తింటారు. ఆవిడ ఉల్లిపాయ పులుసు కోసం, వెల్లుల్లి కారం కోసం, ఎప్పుడో బదిలీ అయిపోయినవాళ్ళు కూడా ఈ ఊరు మీదుగా ప్రయాణాలు పెట్టుకుంటారు. భర్త పోయాక ఆవిడకి ఆ పొయ్యి తప్ప వేరే ఆధారం లేదు. పొయ్యి కాక ఆవిడకి ఉన్న ఒక్క మనిషి బుచ్చిగాడు. మనిషి అనేది ఆవిడ మాట. చూసేవాళ్ళకి వాడు గోధుమరంగు ఊరకుక్క. పదకొండేళ్ళ కిందట కాలవ పనికి తెచ్చిన సిమెంటు తూములో కళ్ళు తెరవని పిల్లగా దొరికాడు. వరండాలో గోనెసంచి మీద పడుకుంటాడు. వంటింటి గడప తొక్కడు. తినేవాళ్ళ ఆకుల వైపు మెడ చాచడు. అంత మర్యాద ఆ బ్యాంకువాళ్ళలో ఇద్దరికి లేదు.

సర్క్యులరు వచ్చిన మర్నాడు మధ్యాహ్నం శానిటరీ ఇన్‌స్పెక్టరు గవర్రాజు మెస్సుకి వచ్చాడు. స్వతహాగా చెడ్డవాడు కాదు. చేతిలో కాగితం లేనప్పుడు మామూలుగానే మాట్లాడతాడు. ఆ రోజు చేతిలో కాగితం ఉంది.

"ఈ గృహమందు శునకము నివసిస్తున్నట్టు మా దృష్టికి వచ్చిందమ్మా."

"నివసించడం ఏటండి, అదిగో నీ కాలి పక్కనే పడుకున్నాడు. తోక తొక్కేత్తావు, కాస్త జరుగు," అంది నూకరత్నం.

గవర్రాజు జరిగాడు. జరిగి, జనాభా లెక్కల పుస్తకం ప్రకారం ఒకే పొయ్యి మీద వండినది తినేవారంతా ఒకే కుటుంబమనీ, ఆ ప్రకారం ఈ ఇంట్లో పంతొమ్మిది మంది భోక్తలు, యజమానురాలు, ఒక శునకము కలిసి ఇరవై ఒక్కమంది సభ్యులనీ, ఇంత పెద్ద కుటుంబం నరవపాడులో ఇంకొకటి లేనందున సమన్వయ ఆహార విధానం ఇక్కడి నుంచే ప్రారంభమవుతుందనీ చదివి వినిపించాడు. సమన్వయ ధ్రువపత్రం లేకపోతే నెలాఖరుకి మెస్సు లైసెన్సు తిరగరాయరని చివర్లో ఉంది. ఆ ముక్క దగ్గర నూకరత్నం అడ్డుపడింది.

"బాబూ, ఆడి ముద్ద నేను ముందే తీసేత్తానండి," అంది. "ఉప్పూ కారం తగలకముందే తీసి, పెరుగేసి కలిపి పెడతాను. పదకొండేళ్ళుగా ఉల్లిపాయ ముక్క ఆడి నోటికి తగల్లేదు. ఆడి తిండి ఆడిది, వీళ్ళ తిండి వీళ్ళది."

"అదేనమ్మా నేరం. ఒకే ఇంట్లో రెండు తిళ్ళు. సమన్వయం ఎక్కడుంది?" అన్నాడు గవర్రాజు, నిజంగానే బాధపడుతూ.

మర్నాటి నుంచి మెస్సులో సమన్వయం మొదలైంది. రెండు కరపత్రాలూ తట్టుకుని నిలబడ్డవి ఉడికించిన గుమ్మడికాయ, ఉడికించిన క్యారెట్టు, చప్పటి పప్పు, పెరుగన్నం. నూకరత్నం వడ్డిస్తుంటే తలెత్తి ఎవరి మొహమూ చూడలేకపోయింది. బుచ్చిగాడికి మాత్రం కొత్తగా అనిపించలేదు. భోజనం కాగానే అరగంట నడక. పంతొమ్మిది మంది, వెనకాల కుక్క, సందు ఈ చివర నుంచి ఆ చివరకి వరసగా నడుస్తుంటే ఎదురింటివాళ్ళు ఎవరు పోయారని అడిగారు.

తరవాత మెడ పట్టీలొచ్చాయి. సభ్యులందరికీ విధించబడినదే కదా. "నూకరత్నం మెస్సు, డిపో వెనక సందు. తప్పిపోయినచో అప్పగించవలెను" అని రాసి ఉన్న పట్టీ కట్టుకుని కండక్టరు సత్తిబాబు రెండు గంటల బస్సెక్కాడు. ముందు సీట్లో ఒక ముసలావిడ ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివింది. చదివి జాలిపడి, తరవాతి స్టాపులో అతని చెయ్యి పట్టుకుని దింపి, వద్దంటున్నా వినకుండా ఆటోలో మెస్సుకి తీసుకొచ్చి అప్పగించి వెళ్ళింది. బస్సు నలభై నిమిషాలు రోడ్డు మీద ఆగిపోయింది. పట్టీల వల్ల సత్ఫలితాలు వస్తున్నాయని గవర్రాజు రాసుకున్నాడు.

నమలడం దగ్గర బుచ్చిగాడు తేలిపోయాడు. గవర్రాజు వాడి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, ఒకటి అన్నాడు, రెండు అన్నాడు. అప్పటికే ముద్ద లోపలికి పోయింది. "సభ్యుడు ముప్ఫై సార్ల మేరకు లోటు చూపినాడు" అని మెమో రాసి గోనెసంచి మీద పెట్టి వెళ్ళాడు. బుచ్చిగాడు దాని మీద పడుకున్నాడు.

వారం తిరిగేసరికి పదకొండు మంది మార్కెట్టు దగ్గరున్న వేరే మెస్సుకి మారిపోయారు. అక్కడ కుక్క లేదు. మిగిలిన ఎనిమిది మందీ ఆవిడ మీద అభిమానంతో ఉన్నారు గానీ, గుమ్మడికాయ ముందు అభిమానం ఎన్నాళ్ళు నిలబడుతుంది? అది చూసి గవర్రాజు చేతిలో కాగితం లేని ఒక క్షణం చూసుకుని, నెమ్మదిగా చెప్పాడు.

"ఒక పని చెయ్యి నూకరత్నమ్మా. కుక్కని వదిలించేసుకో. ఏటి అవతలి ఒడ్డున దింపేస్తే గొడవ ఒదిలిపోద్ది."

నూకరత్నానికి ముందు ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. "ఆడు ముసలోడయిపోయాడండి. కుడికన్ను ఆనట్లేదు. ఇప్పుడు కొత్త ఊళ్ళో ఎవరింటికెల్లి ముద్దడుగుతాడు?" అంది. ఆ రాత్రంతా లెక్క వేసుకుంది. మెస్సు ఉంటే కుక్క ఉండదు. కుక్క ఉంటే మెస్సు ఉండదు. తెల్లారాక చీర మార్చుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళింది.

ఆఫీసులో ఆవిడ మాట విన్న మనిషి ఒక్కడే, హెడ్ క్లర్కు ముక్తేశ్వరరావు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. ఆరుగురు కమిషనర్ల హయాంలో ఆరు రకాల జ్వరాలు చూసినవాడు. గొంతు ఎప్పుడూ పైకి లేవదు.

"ఈ సర్క్యులర్లో తిండి మీద ఏమీ లేదమ్మా, ఉన్నదంతా హోదా మీదే," అన్నాడాయన. "మీవాడు కుటుంబ సభ్యుడిగా ఉన్నంతకాలం గుమ్మడికాయ తప్పదు. హోదా మార్చండి. సిబ్బంది అని రాయండి. రాత్రిపూట కాపలా కాస్తాడు కదా."

దరఖాస్తు పెట్టింది. రెండు రోజుల్లో మంజూరైంది. ఆ సాయంత్రం మెస్సులో ఉల్లిపాయలు వేగాయి. పొద్దున్నే గవర్రాజు ఇంకో కాగితం పట్టుకుని వచ్చాడు. ఆహారశాల సిబ్బంది అంతా తలకి టోపీ, ఒంటికి ఏప్రాన్ ధరించాలి. గోళ్ళు కత్తిరించుకోవాలి. వారానికి ఒకరోజు సెలవు తీసుకోవాలి, సెలవునాడు పనిచేసే చోట కనపడకూడదు. నూకరత్నం పాత చీర కొంగు చింపి టోపీ కుట్టింది. గురువారం సెలవని బుచ్చిగాడిని సత్తిబాబు తన గదికి తీసుకెళ్ళి కట్టేశాడు. తాడు కొరుక్కుని బుచ్చిగాడు పన్నెండింటికల్లా వరండాలో ఉన్నాడు. "సెలవు దినమున విధులకు హాజరై క్రమశిక్షణను ఉల్లంఘించినందుకు" అని మెమో వచ్చింది. శుక్రవారం వాడు టోపీని నమిలేశాడు. ఈసారి ఎన్నిసార్లు నమిలాడో గవర్రాజు లెక్కపెట్టలేదు, యూనిఫారం ధ్వంసం కింద రాసి హోదా రద్దు చేయించాడు.

ముక్తేశ్వరరావు మళ్ళీ ఆలోచించాడు. "మెస్సుకి వచ్చి తినిపోయేవాడు అని రాయండి. అందులో టోపీ ఉండదు."

ఆ ముచ్చట ఒక్కపూట నడిచింది. తినడానికి వచ్చినవారిని వరండాలో కూర్చోబెట్టడం వివక్ష అవుతుందని గవర్రాజు బుచ్చిగాడిని లోపల వరసలో, సత్తిబాబు పక్కన కూర్చోబెట్టించాడు. ఆకు వేయించాడు. బోర్డు మీద రాసిన పదార్థాలన్నీ ప్రతి ఒక్కరికీ తేడా లేకుండా వడ్డించాలని నిబంధన చదివాడు. బోర్డు మీద మొదటిది ఉల్లిపాయ పులుసు.

"పులుసు పోస్తే జంతువుకి నిషిద్ధ పదార్థం పెట్టిన కేసు," అన్నాడు గవర్రాజు, వేళ్ళు మడుస్తూ. "పొయ్యకపోతే వివక్ష కేసు. ఏది కావాలో నువ్వే చెప్పమ్మా, బలవంతం ఏమీ లేదు."

నూకరత్నం గరిటె పట్టుకుని నిలబడిపోయింది. లైసెన్సు గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఆకు ముందు బుచ్చిగాడు తలెత్తి ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు, ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ లేదనని చెయ్యి ఎందుకు ఆగిందో వాడికి తెలీదు. ఆవిడ గరిటె గిన్నెలో పడేసింది. వాడి మెడలో పట్టీ పట్టుకుని, పొయ్యి కూడా ఆర్పకుండా, తిన్నగా కమిషనర్ గారి గదిలోకి నడిచింది. బయట బంట్రోతు ఆపబోయాడు గానీ కుక్కని చూసి ఆగాడు.

చిదానందం గారు అప్పుడు వేరే చిక్కులో ఉన్నారు. సోమవారం పైవాళ్ళ సమీక్ష. 'సాధించిన విజయాలు' అన్న గడి ఖాళీగా ఉంది. మెడ పట్టీల గురించి రాద్దామంటే ఆర్టీసీ వాళ్ళు ఫిర్యాదు పెట్టారు.

"అయ్యా, మీరే చెప్పండి. ఈడు నా ఇంట్లో ఏమవుతాడు?" అంది నూకరత్నం. "కుటుంబం అన్నారు, పంతొమ్మిది మంది నోళ్ళు కట్టేశారు. పనోడన్నారు, టోపీ పెట్టారు. తినిపోయే బేరం అన్నారు, విషం పొయ్యమన్నారు. ఏమీ కానోడు కింద ఉంచలేరా? పదకొండేళ్ళు ఏమీ కాకుండానే ఉన్నాడు కదండీ."

"ఏమీ కాకపోవడం అనే గడి మా దస్త్రాల్లో లేదమ్మా," అన్నారు చిదానందం గారు. "ప్రతి జీవిని ఏదో ఒక శీర్షిక కిందకు తీసుకురావడమే పరిపాలన. ఈ విషయంలో మీరు భావోద్వేగ సమన్వయం పాటించాలి."

ఆ సమయానికి ముక్తేశ్వరరావు ఒక పాత పుస్తకం తెరిచి కమిషనర్ గారి ముందు పెట్టాడు. ఒక వాక్యం కింద పెన్సిలు గీత ఉంది. "తనిఖీ నిమిత్తము ఆహారశాలలో ఉండు అధికారులకు ఈ నిబంధనలేవియు వర్తించవు." కమిషనర్ గారు ఆ వాక్యాన్ని చూశారు, కుక్కని చూశారు, ఖాళీ గడిని చూశారు. మొహం వెలిగిపోయింది.

సోమవారం సమీక్షలో, శునక ఆధారిత ఆహార నిఘా వ్యవస్థను నెలకొల్పిన మొట్టమొదటి పురపాలక సంఘంగా నరవపాడు తనను తాను ప్రకటించుకుంది. బుచ్చిగాడు గౌరవ ఆహార నిఘా అధికారి అయ్యాడు. హోదాలో ఇన్‌స్పెక్టరు కన్నా ఒక మెట్టు పైన. గవర్రాజు రోజూ మెస్సు ముందు స్కూటరు ఆపి, గోనెసంచికి నమస్కారం పెట్టి, "సార్ లేచారా అమ్మా?" అని అడిగేవాడు. అధికారి గారు మధ్యాహ్నం వంటశాల వైపు చూచినారు, ఏ అభ్యంతరమును తెలుపలేదు అని నెలకోసారి నివేదిక రాసేవాడు. లైసెన్సు తిరగరాశారు. పదకొండు మందీ వెనక్కొచ్చారు. వెల్లుల్లి కారం వాసన మళ్ళీ డిపో దాకా వెళ్ళింది. నూకరత్నం చాలా రోజుల తరవాత కడుపు నిండా తిని నిద్రపోయింది.

మూడు నెలలకి సాధారణ బదిలీలు వచ్చాయి.

"పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా గౌరవ ఆహార నిఘా అధికారిని ప్రస్తుత స్థానము నుండి చేపల మార్కెట్టుకు బదిలీ చేయడమైనది." గవర్రాజు ఉత్తర్వుతో పాటు తాడు కూడా తెచ్చాడు. ఈసారి అతను కాగితం చూడకుండానే చెప్పాడు. "మూడు రోజుల్లో అక్కడ చేరాలమ్మా. చేరకపోతే సస్పెన్షను, సస్పెండైతే హోదా పోద్ది, హోదా పోతే మళ్ళీ కుటుంబ సభ్యుడే. గుమ్మడికాయ." చేపల మార్కెట్టు ఊరికి ఆ చివర. అక్కడ పాతిక కుక్కలు ఒకదాన్నొకటి పీక్కుతింటుంటాయి. ఒంటికన్నుతో బుచ్చిగాడు ఒక్కరోజు బతకడు. నూకరత్నం వాడి మీద చెయ్యి వేసి అరుగు మీద కూలబడింది. సత్తిబాబు ఆవిడని లేపాడు, బుచ్చిగాడితో కలిసి ముగ్గురూ ఆఫీసుకి వెళ్ళారు.

ముక్తేశ్వరరావు ఉత్తర్వు చదివి, బుచ్చిగాడి సర్వీసు రిజిస్టరు తీయించాడు. అవును, వాడికి సర్వీసు రిజిస్టరు ఉంది. పుట్టినరోజు గడి దగ్గర వేలు ఆపాడు.

"వయసెంతమ్మా?"

"పదకొండు దాటిందండి."

ఆయన సొరుగులోంచి పశువైద్యుల కరపత్రం తీశాడు. పద్నాలుగో చిట్కా: కుక్కకి ఒక ఏడు మనిషికి ఏడేళ్ళతో సమానం, కాబట్టి ముసలి కుక్కలను ప్రత్యేకంగా చూసుకోవాలి. కాగితం మీద పదకొండుని ఏడుతో హెచ్చవేసి, డెబ్బై ఏడు అని రాసి, దాన్ని కమిషనర్ గారి ముందు పెట్టాడు. "రిటైర్మెంటు వయసు అరవై రెండు సార్. సర్క్యులరు ప్రకారం కరపత్రంలోని ప్రతి చిట్కా మనకి శిరోధార్యం. అంటే ఈయన రెండేళ్ళ కిందటే పదవీ విరమణ చేశారు. ఆ తరవాత ఈయన్ని కొత్తగా నియమించింది..." అని ఆగాడు.

నియమించింది తానే అన్న సంగతి చిదానందం గారికి చెప్పనవసరం లేకపోయింది. అరగంటలో ఫైలు కదిలింది. ఆ ఆఫీసులో ఏ ఫైలూ అంత జోరుగా కదలడం ఎవరూ చూడలేదు. సాయంత్రం నాలుగింటికి సమావేశ మందిరంలో వీడ్కోలు సభ. బుచ్చిగాడికి శాలువా కప్పారు. దండ వేశారు. దండలో చేమంతులు వాడికి తుమ్ములు తెప్పించాయి. మచ్చలేని సేవ అన్నారు చిదానందం గారు, నోరు తెరిచి ఒక్కరిని కూడా నొప్పించని అధికారి అన్నారు, ఆయన లేని లోటు తీరనిదన్నారు. తరవాత అందరూ ఉల్లిపాయ సమోసాలు తిన్నారు. గవర్రాజు రెండు తిని, చెయ్యి తుడుచుకుని, బుచ్చిగాడి పక్కనుంచే బయటికి వెళ్ళిపోయాడు. మూడు నెలలుగా పొద్దున్నే నమస్కారం పెట్టిన మనిషి కనీసం తల తిప్పి చూడలేదు. నూకరత్నానికి చివుక్కుమంది. కుక్కకి ఏమీ అనిపించలేదేమో గానీ ఆవిడకి అనిపించింది.

జనం పలచబడ్డాక ఆవిడ కమిషనర్ గారి దగ్గరకి వెళ్ళింది. భయం ఇంకా పోలేదు.

"అయ్యా, రేపట్నుంచి ఈడు మళ్ళీ నా వరండాలోనే ఉంటాడు. ఇప్పుడు ఈడికి ఏం పెట్టాలి? మిగతావాళ్ళకి ఏం పెట్టాలి? మళ్ళీ ఎవరైనా చూడ్డానికి వత్తారా?"

చిదానందం గారు అప్పటికే రెండు వేరే కరపత్రాలు చేతిలో పట్టుకుని ఉన్నారు. ఒకటి దోమల గురించి, ఒకటి పుస్తక పఠనం గురించి. తలెత్తకుండానే జవాబిచ్చారు.

"రిటైరైనవారు ఏం తింటున్నారో, అసలు తింటున్నారో లేదో చూడడం ఈ కార్యాలయం పరిధిలోకి రాదమ్మా. ఎవరూ రారు."

నూకరత్నానికి ప్రాణం లేచొచ్చింది. మెస్సు నిలబడింది, కుక్క నిలబడింది. సంతోషంగా చెయ్యెత్తి దణ్ణం పెట్టబోతూ పక్కకి చూసింది. కుర్చీలు సర్దిస్తున్న ముక్తేశ్వరరావు అక్కడే ఆగిపోయి ఉన్నాడు. ఆయన రిటైర్మెంటుకి ఇంకా పదకొండు రోజులుంది. భార్య పోయి మూడేళ్ళయిందనీ, ఇంట్లో ఒక్కడే వండుకుంటాడనీ బంట్రోతు అంతకుముందే చెప్పాడు. ఎత్తిన చెయ్యి ఆవిడ దించేసింది. బుచ్చిగాడి మెడలో దండ తీసి కుర్చీ మీద పెట్టి, వాడిని నడిపించుకుంటూ ఆయన దగ్గరకి వచ్చింది.

"విన్నారు కదండీ. ఒకటో తారీకు నుంచి మధ్యాహ్నం మా ఇంటికొచ్చెయ్యండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు కొద్దీ అడిగాడు.

"ఏ హోదాలో రమ్మంటావమ్మా?"

"ఆకలేత్తే రండి బాబూ," అంది నూకరత్నం.